ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నేను జియాలజిస్టుగా గనిలో చేరిన మొదటి వారంలోనే ఈ మాట విన్నాను. చెప్పినవాడు రాళ్ళ సంగతి తెలియని మనిషి కాదు, మా విభాగం పెద్దాయనే. లాబ్ ఖర్చు పెరిగిపోతోందని పైనుంచి కబురొచ్చిన రోజది. నా చేతిలోని శాంపిల్ సంచుల కట్ట చూసి, "ఇన్నెందుకయ్యా? మెతుకు పట్టి చూస్తే తెలీదూ?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. ఆ పూట సగం సంచులు ఖాళీగానే వెనక్కి తెచ్చాను.

జవాబు చాలా ఏళ్ళకు దొరికింది. కుండలో బియ్యమంతా ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడుకుతుంది. అందుకే ఒక మెతుకు మిగతా మెతుకుల తరఫున సాక్ష్యం చెప్పగలదు. రాయికి ఆ పొందిక ఎక్కడిది? బంగారు గనిలో ఒకే కోర్‌ను (డ్రిల్లు కోసి తెచ్చే రాతి కడ్డీని) నిలువునా రెండు చెక్కలు చేసి రెంటినీ విడివిడిగా పరీక్షిస్తే, ఒక చెక్క టన్నుకు 2 గ్రాములంటుంది, రెండోది 9 అంటుంది. లాబ్ రెండుసార్లూ తప్పు చేయలేదు. రాయే అలాంటిది.

బయటివాళ్ళ మనసులో గనికి ఒక వరుస ఉంటుంది. ముందు అన్వేషణ, తర్వాత తవ్వకం. జియాలజిస్టులు కొండలూ గుట్టలూ తిరిగి, డ్రిల్లు వేసి, ఖనిజం ఎక్కడుందో ఎంతుందో చెప్పి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇంజనీర్లొచ్చి తవ్వుకుంటారు. బయటివాళ్ళనే అనుకోవడం ఎందుకు, గని ఆఫీసుల్లో కూర్చునే చాలామంది ఆలోచనా ఇదే. నేను ఇక్కడ వాదించదలచుకున్నది దీనికి తలకిందులైన మాట. తవ్వకానికి ముందు జరిగేది ఊహ. తవ్వుతూ వెతికేదే అన్వేషణ. దాన్ని ఉత్పత్తి ఖర్చుల్లో ఒక చిల్లర పద్దుగా చూసినన్నాళ్ళూ గనులు తమ ఖనిజాన్ని తామే పనికిరాని రాయి పోసే డంపుల్లో పారబోసుకుంటూ ఉంటాయి.

ఊహ అన్నందుకు కోపం రావచ్చు, కాబట్టి లెక్క చెబుతాను. డైమండ్ డ్రిల్లులో మామూలుగా వాడే ఎన్‌క్యూ సైజు కోర్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు. దాని అడ్డుకోత వైశాల్యం చదరపు మీటరులో వెయ్యింట రెండు వంతులు కూడా ఉండదు. 50 మీటర్లకొక రంధ్రం చొప్పున గ్రిడ్డు వేస్తే, ఒక్కో రంధ్రం 2,500 చదరపు మీటర్లకు బాధ్యత వహించాలి. అంటే మనం కళ్ళతో చూసింది దాదాపు 14 లక్షల వంతుల్లో ఒక వంతు. మిగిలిందంతా పొరుగు రంధ్రాలను చూసి కట్టిన లెక్కే. ఆ లెక్క మీదే ఖనిజం నూరి లోహం తీసే వందల కోట్ల మిల్లు కడతారు, అప్పులు తెస్తారు, ఇరవయ్యేళ్ళ ప్రణాళిక గీస్తారు. తప్పని అనను, వేరే దారి లేదు. కానీ నేలను పెట్టెలుగా కోసి ఒక్కోదానికి విలువ కట్టిన ఆ బ్లాక్ మోడల్‌ను రంగురంగుల పెట్టెలుగా తెరమీద చూసీ చూసీ, అవి నిజంగానే నేలలో ఉన్నాయని నమ్మే స్థితికి వస్తారు చూడండి, తిప్పలు అక్కడ మొదలవుతాయి.

రష్యన్ గనుల సంప్రదాయంలో ఈ పనికి విడిగా పేరుంది. తవ్వకంతో పాటు నడిచే అన్వేషణను ముందరి దశలతో కలపకుండా వేరే దశగానే లెక్కిస్తారు. అందులోనూ రెండు రకాలు: ఫేస్‌కు, అంటే తవ్వకం నడుస్తున్న రాతిగోడకు, ముందుగా పోయి చూసి వచ్చేది ఒకటి, ఫేస్‌తో పాటే నడుస్తూ కోసిన ప్రతి మీటరునూ నమోదు చేసేది ఇంకొకటి. ఇంగ్లీషు గనుల్లో చదువుకున్న మాకు దక్కిన పేరు మాత్రం 'గ్రేడ్ కంట్రోల్'. ఈ పేరంటే నాకు మొదటినుంచీ చిరాకు. గ్రేడు, అంటే టన్ను రాయిలో ఎంత లోహముందన్నది, మన అదుపులో ఉండదు. అది కోట్ల ఏళ్ళ కిందటే తేలిపోయింది. మన అదుపులో ఉన్నదల్లా ఏ డంపర్ ఎటు తిరగాలన్నది ఒక్కటే. కుడివైపు తిరిగితే క్రషర్, ఎడమవైపు తిరిగితే వేస్ట్ డంపు. ఓపెన్ పిట్ గనిలో మా వృత్తంతా ఆ మలుపు దగ్గరే ఉంది.

ఆ మలుపు దగ్గర నిర్ణయం దేన్ని బట్టి జరుగుతుందో ఒకసారి చూడండి. 10 మీటర్ల బెంచి (గనిని మెట్లుగా తవ్వేటప్పటి ఒక మెట్టు), ఒకవైపు 5 మీటర్లకూ ఇంకోవైపు 6 మీటర్లకూ ఒక బ్లాస్ట్ హోల్ (పేలుడు మందు నింపే రంధ్రం) అనుకుందాం. ఒక్కో రంధ్రం వాటాకు వచ్చే రాయి సుమారు 800 టన్నులు. 200 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే దాదాపు టన్ను పొడి బయటికొచ్చి నోటి చుట్టూ చిన్న గుట్టలా పడుతుంది. అందులోంచి ఐదారు కిలోలు సంచిలోకి ఎత్తుతాం. లాబ్‌లో దాన్ని నూరి, పాయలు చేసి, చివరికి ఫైర్ అస్సే (కరిగించి బంగారం కొలిచే పరీక్ష) మూసలోకి పోయేది 30 గ్రాములు, మహా అయితే 50. ఆ 30 గ్రాములు 800 టన్నుల తరఫున మాట్లాడాలి. పార్లమెంటు సభ్యుడికి కూడా అంత ప్రాతినిధ్యం ఉండదు.

పోనీ ఆ 30 గ్రాములైనా నిజాయితీగా వచ్చాయా? పొడి గుట్టను చూస్తే సమంగా కలిసిన పిండిలా ఉంటుంది కానీ అది పొరలు పొరలుగా పేరుకున్నది. బెంచి పైభాగపు రాయి గుట్ట అడుగున ఉంటుంది, అడుగు రాయి గుట్ట మీద ఉంటుంది. పేలుడు అడుగుదాకా సరిగా విరగ్గొట్టడానికి రంధ్రాన్ని బెంచి మట్టం కంటే మీటరు లోతుగా వేస్తారు. ఆ చివరి మీటరు పొడి కింది బెంచికి చెందినది, అదే గుట్ట శిఖరాన కూర్చుంటుంది. పార పట్టుకుని పైనుంచి ఒక్క ఊపులో ఎత్తేవాడు ఇవాళ తవ్వే రాయిని కాకుండా వచ్చే నెల తవ్వబోయే రాయిని సంచిలో వేసుకుంటున్నాడు. ఇంకో చిక్కు దుమ్ము. సన్నని రజను గాలికి పోతుంది. ఖనిజం మెత్తగా ఉండి రజనులో చేరే రకమైతే గ్రేడు గాలికి పోయినట్టే. అందుకే గుట్టను అంచునుంచి మధ్యదాకా నిలువునా కోసి తీయమంటారు, లేదా డ్రిల్లు మొదలుపెట్టక ముందే రంధ్రం పక్కన త్రికోణపు ట్రే పెట్టి పడింది పడినట్టు పట్టమంటారు. రెండూ కష్టమైన పనులేం కాదు. కానీ మండుటెండలో 180 రంధ్రాలు ముందుండి, బ్లాస్టింగ్ సిబ్బంది "ఇంకా కాలేదా సార్?" అని వెనక నిలబడితే పార ఊపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ అలాగే ఎత్తాను.

పియేర్ గీ అనే ఫ్రెంచివాడు ఈ శాంపిల్ తీసే పనినే జీవితకాలపు శాస్త్రంగా చేశాడు. ఆయన సూత్రంలో నాకు పనికొచ్చిన ముక్క ఇది: శాంపిల్‌ను విడగొట్టేటప్పుడు వచ్చే మౌలికమైన తప్పు తాలూకు వేరియెన్స్ (చెదురుబాటు కొలత) రేణువు వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. రేణువు రెండింతలైతే ఎనిమిదింతలన్నమాట. కాబట్టి గరుకు రాయిని నూరకుండానే సగానికి, మళ్ళీ సగానికి పంచుకుంటూ పోయి, చివరికి మంచి లాబ్‌కు పంపినా పోయిన నిజం తిరిగి రాదు. ఖరీదైన యంత్రం తప్పుడు పొడిని దశాంశ స్థానాలతో సహా కొలిచి ఇస్తుంది, అంతే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆసారి పైన చెప్పినవన్నీ సరిగానే చేశాం. శాంపిల్ సరే, అస్సే సరే, ఖనిజం ఎక్కడుందో మ్యాపులో హద్దులు సరే. పేలుడు జరిగింది. పేలుడుకు ముందు వేసిన కోఆర్డినేట్ల ప్రకారమే రాళ్ళగుట్ట మీద హద్దు జెండాలు పాతించాను. సర్వేయర్ సెంటీమీటర్ల కచ్చితత్వంతో పాతాడు. షావెల్ ఆ జెండాల ప్రకారమే ఎత్తింది. రాత్రి షిఫ్టు ప్రశాంతంగా గడిచింది. నాకు తట్టని సంగతేమిటంటే, పేలిన రాయి ఉన్నచోట ఉండదు. ఖాళీ వైపుకు జరుగుతుంది. అదీ అన్ని లోతుల్లో ఒకేలా కాదు, పై పొర తక్కువగా, నడుము భాగం ఎక్కువగా. కొన్ని మీటర్ల జరుగుడు మామూలు సంగతి.

అదే 10 మీటర్ల బెంచిలో 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న ఖనిజపు పట్టీ వెడల్పు వైపుకు 4 మీటర్లు జరిగిందనుకోండి. ఒక అంచున 6,480 టన్నుల ఖనిజం వేస్ట్ డంపుకు పోతుంది, రెండో అంచున అంతే బరువున్న పనికిరాని రాయి మిల్లులోకి పోతుంది. 100 టన్నుల డంపర్లకు అటు 65 ట్రిప్పులు, ఇటు 65 ట్రిప్పులు. గ్రేడు టన్నుకు 1.5 గ్రాములైతే దాదాపు 9.7 కిలోల బంగారం ఏ దొంగా లేకుండా పోయినట్టు. పైగా మిల్లు కరెంటూ సయనైడూ వట్టి రాయి మీద ఖర్చవుతాయి. రిపోర్టులో మాత్రం టన్నులు సరిపోతాయి. ఎన్ని తవ్వాలనుకున్నామో అన్నీ తవ్వాం, ఎన్ని మిల్లుకు పంపాలనుకున్నామో అన్నీ పంపాం. ఆ నెల ఉత్పత్తి విభాగానికి అభినందనలు కూడా వచ్చాయి. మిల్లు గ్రేడు పడిపోయిందని పదిహేను రోజుల తర్వాత గొడవ మొదలైతే, మొదట అనుమానించింది మిల్లునే. నా జెండాలను ఎవరూ అనుమానించలేదు. పేలుడుకు ముందు రంధ్రాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు వేసి, తర్వాత అవి ఎక్కడ తేలాయో వెతికే పద్ధతి ఈ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. మా దగ్గర అది బడ్జెట్టులో కోత పడిన వరుసల్లో ఉండేది.

ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ డానీ క్రిగేది. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పనిచేసిన ఇంజనీరు. అక్కడ బ్లాకుల చుట్టూ సొరంగాలు తొలిచి, గోడల మీద శాంపిళ్ళు తీసి, వాటి సగటుతో లోపలి బ్లాకు విలువ కట్టేవారు. తవ్వి చూస్తే ఒక వింత కనిపించేది. గొప్పవనుకున్న బ్లాకులు అంచనా కంటే తక్కువిచ్చేవి, పేదవనుకున్నవి కాస్త ఎక్కువే ఇచ్చేవి. 1951లో క్రిగే దీన్ని గణాంకశాస్త్రంతో వివరించాడు. పెద్దగా కనిపించిన ప్రతి సంఖ్యలోనూ కొంత నిజం, కొంత అదృష్టం కలిసి ఉంటాయి. పెద్దవాటినే ఏరుకున్నప్పుడు నిజంతో పాటు అదృష్టాన్నీ ఏరుకుంటాం. తవ్వేటప్పుడు అదృష్టం ఇంకిపోయి నిజం మాత్రం మిగులుతుంది. ఫ్రాన్సులో జార్జ్ మాథెరోన్ అనే గణితవేత్త దీనికి గణిత పునాది వేసి, చుట్టుపక్కల శాంపిళ్ళతో విలువ కట్టే ఆ పద్ధతికి క్రిగే పేరుమీదే క్రిగింగ్ అని పేరుపెట్టాడు. ఇవాళ ఏ గని సాఫ్ట్‌వేర్ తెరిచినా ఆ మాట కనిపిస్తుంది.

నాకు ముఖ్యమనిపించేది ఈ పద్ధతి పుట్టిన చోటు. అది ఎవరూ తవ్వని కొండ మీద పుట్టలేదు. ముందు ఊహించిన అంకెనూ తర్వాత తవ్విన అంకెనూ పక్కపక్కన పెట్టగలిగే గనుల్లో పుట్టింది. అంచనాను నిజంతో పోల్చే అవకాశం నడుస్తున్న గనికే ఉంది. 1997లో బద్దలైన బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ మోసం గుర్తుందా? ఇండొనేషియాలోని బుసాంగ్‌లో కోర్ పొడికి బయటి బంగారం కలిపి, లోకంలోకెల్లా గొప్ప నిక్షేపమని ఏళ్ళ తరబడి నమ్మించారు. అది అన్నేళ్ళు సాగడానికి ఒక కారణం, అక్కడ అప్పటికి తవ్వకం లేదు, మిల్లు లేదు. మిల్లు ఉంటే రెండు నెలలు దాగేది కాదు. చివరికి పక్కనే వేరేవాళ్ళు మళ్ళీ రంధ్రాలు వేస్తే గాని బయటపడలేదు.

భూగర్భ గనికి వస్తే తవ్వుతూ వెతకడానికి ఇంకో ముఖం ఉంది. అక్కడ వెతికేది ఖనిజాన్ని మాత్రమే కాదు, చావును కూడా. ఫేస్‌కు ముందుగా వేసే ప్రోబ్ రంధ్రం ఏ గ్రేడూ చెప్పకపోవచ్చు. "ముందు నీళ్ళు లేవు" అని చెబితే అదే దాని ఫలితం. 2002లో అమెరికాలోని క్వీక్రీక్ బొగ్గు గనిలో పనివాళ్ళు నీళ్ళు నిండిన పాత గనిలోకి గండి కొట్టారు. వాళ్ళ దగ్గరున్న మ్యాపులో పాత తవ్వకాలు చివరికి ఎంతవరకు పోయాయో లేదు. తొమ్మిదిమంది మూడు రోజులకు పైగా లోపల చిక్కుకుని, అదృష్టంకొద్దీ అందరూ బతికి బయటపడ్డారు. పాత మ్యాపును నమ్మడమూ ఒక రకంగా మెతుకు పట్టి చూడటమే. ఒక్క ప్రోబ్ రంధ్రానికి అయ్యే ఖర్చు ఎంతని అడిగే మేనేజర్లకు నేను ఈ కథ చెబుతాను. వాళ్ళు దాన్ని సేఫ్టీ విభాగం కథగా వింటారు. నాకది జియాలజీ కథ.

ఫేస్ మీద రోజూ నిలబడేవాడికి తెలిసేవి చాలా ఉంటాయి. పట్టీ ఉన్నట్టుండి మాయమవుతుంది. ఫాల్టు, అంటే రాయి విరిగి జరిగిన చీలిక, దాన్ని కోసింది. ఇప్పుడు కుడికి తిరగాలా, ఎడమకా, పైకా? ఫాల్టు అంచున రాయి పొరలు ఎటు వంగి ఉన్నాయి, ఫాల్టు తలం మీద గీతలు ఎటు పోయాయి, నలిగిన మట్టి ఎంత మందం ఉందీ, ఇవన్నీ ఆ కాసేపే కనిపిస్తాయి. మరుసటి షిఫ్టులో గోడ మీద షాట్‌క్రీట్ (చిమ్మే కాంక్రీటు) కొట్టేస్తారు. ఆ గోడను ఆ పూట గీసుకోకపోతే ఇక లోకంలో ఎవరూ చూడలేరు. ఫోటో చాలదా అంటారు కుర్రాళ్ళు. ఇప్పుడు లేజర్ స్కాన్ కూడా ఉంది, మంచిదే. కానీ చేత్తో గీసేటప్పుడు ప్రతి గీత దగ్గరా 'ఇదేమిటి' అని అడగాల్సి వస్తుంది. స్కాన్ ఆ ప్రశ్న అడగదు. ఇంకో సంగతి. చాలా గనుల్లో తొలి జియాలజిస్టు డ్రిల్లరే. "అన్నా, ఎక్కడ మారింది?" అని అడగడం నేర్చుకున్నాక నా లాగింగ్ సగం తేలికైంది. పొడి రంగు మారగానే, బిట్టు మోత మారగానే అతనికి తెలిసిపోతుంది. ఆ మాట రాసుకోవడానికి మా ఫారంలో గడి ఉండేది కాదు.

తవ్వుతున్న గనిలోనే కొత్త గని దొరికిన సందర్భాలూ ఉన్నాయి. కెనడాలోని రెడ్ లేక్‌లో దశాబ్దాలుగా నడిచి అలసిపోయిన గని అడుగున 1995లో డ్రిల్లు వేస్తే అసాధారణమైన గ్రేడు తగిలింది. 2000లో గోల్డ్‌కార్ప్ అధిపతి రాబ్ మెక్‌ఈవెన్ ఆ గని డేటానంతా ఇంటర్నెట్‌లో పెట్టి, ఎక్కడ వెతకాలో చెప్పినవాళ్ళకు 5,75,000 డాలర్ల బహుమతులు ప్రకటించాడు. లోకం ఆ పోటీని గుర్తుపెట్టుకుంది. నాకు గుర్తుండేది మాత్రం ఆ ముందటి డ్రిల్లు. అది లేకపోతే పోటీకి డబ్బూ లేదు, డేటాకు విలువా లేదు. ఆస్ట్రేలియాలోని ఫాస్టర్‌విల్ ఇంకా మంచి ఉదాహరణ. పెద్దగా పేరు లేని, గ్రేడు అంతంతమాత్రమైన గని. తవ్వకంతో పాటే లోతుకు డ్రిల్లు వేసుకుంటూ పోతే స్వాన్ జోన్ అనే గొప్ప గ్రేడున్న భాగం తగిలింది. 2016లో లక్షన్నర ఔన్సుల చుట్టూ ఉన్న ఉత్పత్తి 2019కల్లా ఏడాదికి 6 లక్షలు దాటింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తాం కదా, ఇది ఎలుకల కోసం తవ్వుతూ పోయి ఏనుగును పట్టిన కథ.

అయితే ఎన్ని రంధ్రాలైనా వెయ్యమంటున్నానా? కాదు. నాతో పనిచేసిన కొందరికి డ్రిల్లు మీటర్లే భక్తి. బెంచి నడిబొడ్డున, నాలుగువైపులా గ్రేడు కటాఫ్‌కు (మిల్లుకు పంపితే గిట్టే కనీస గ్రేడుకు) మూడింతలున్న చోట ఇంకో రంధ్రం వేసి ఏం తెలుసుకుంటాం? ఏ ఫలితం వచ్చినా ఆ రాయి క్రషర్‌కే పోతుంది. నిర్ణయాన్ని మార్చలేని రంధ్రం దండగ. డబ్బు పెట్టాల్సింది కటాఫ్ అంచున, పట్టీ వంపు తిరిగే చోట, ఫాల్టు పక్కన. ఉత్పత్తివాళ్ళ తొందర కూడా ఉత్త మొండితనం కాదు. షావెల్ ఒక షిఫ్టు ఆగితే అయ్యే నష్టం నిజమే. ఫైర్ అస్సే ఫలితానికి ఒకటి రెండు రోజులు పట్టడమూ నిజమే. అందుకే బ్లాస్ట్ హోల్ కోసం ఎదురుచూడకుండా నెలల ముందే విడిగా ఆర్‌సీ డ్రిల్లుతో (రాతి పొడిని గొట్టం లోపలినుంచే పైకి తెచ్చే రకం) రెండు మూడు బెంచిలు కలిపి చూసుకునే గనులున్నాయి. వాటికి ఈ కొట్లాట చాలావరకు ఉండదు. ముందు ఖర్చు కనిపిస్తుంది, తర్వాత మిగులు కనిపించదు, ఇబ్బందంతా అక్కడే.

నా అసలు పేచీ ఎవరి కింద ఎవరు పనిచేయాలన్నదాని గురించి. చాలాచోట్ల గ్రేడ్ కంట్రోల్ జియాలజిస్టు ఉత్పత్తి మేనేజరు కింద ఉంటాడు. ఆ మేనేజరు బోనసు టన్నుల మీద ఉంటుంది. హద్దు జెండా రెండు మీటర్లు అటు జరిపితే నెల టన్నులు పూర్తవుతాయన్న చోట, జరపనన్నవాడి వార్షిక నివేదిక రాసేది జరపమన్నవాడే. దొంగ పద్దులు ఎవరూ రాయనక్కర్లేదు. అనుమానాస్పదమైన బ్లాకులన్నీ కాస్త ఉదారంగా 'ఖనిజం' అయిపోతాయి, అంతే. ఆ జెండా పాతే చేతికి మేనేజరు ఆజ్ఞ అవసరం లేకుండా చేయాలి. ఆడిటరు జీతం కాషియరు నిర్ణయిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

రెండోది రీకన్సిలియేషన్. మోడల్ చెప్పిన లోహం, గ్రేడ్ కంట్రోల్ చెప్పిన లోహం, మిల్లులో వచ్చిన లోహం, ఈ మూడింటినీ నెలనెలా పక్కపక్కన పెట్టే పని. హ్యారీ పార్కర్ అనే జియాలజిస్టు దీన్ని ఎఫ్1 (మోడల్‌తో పోలిస్తే గ్రేడ్ కంట్రోల్), ఎఫ్2 (గ్రేడ్ కంట్రోల్‌తో పోలిస్తే మిల్లు), ఎఫ్3 (మోడల్‌తో పోలిస్తే మిల్లు) అనే మూడు నిష్పత్తులుగా తేల్చిపెట్టాడు. ఎఫ్1 పడిపోతే మోడల్‌ను చూడాలి. ఎఫ్2 పడిపోతే పేలుడునూ, షావెల్‌నూ, నా జెండాలనూ చూడాలి. ఇంత సూటిగా వేలు చూపించే పద్ధతి ఇంకోటి లేదు. అందుకేనేమో దీన్ని వెంటనే ఒక 'ఫ్యాక్టర్'గా మార్చేస్తారు. విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో పుట్టిన మైన్ కాల్ ఫ్యాక్టర్ (లెక్కలో చెప్పిన లోహంలో మిల్లుకు నిజంగా దక్కిన వంతు) కూడా మొదట కొలతే. నెలకు పది శాతం తక్కువొస్తోందా, అయితే వచ్చే నెల అంచనాను 0.9తో గుణించేద్దాం అని మొదలైందంటే కారణం వెతకడం ఆగిపోయినట్టే. జ్వరం కొలిచే థర్మామీటర్‌నే రెండు డిగ్రీలు తక్కువ చూపించేలా సరిచేసుకోవడం లాంటిది. 0.9తో గుణించుకుంటూ మూడేళ్ళు నడిచిన చోటు నేను చూశాను. ఆ పది శాతం ఎక్కడ పోతోందో అడిగినవాడు లేడు, అడిగితే సమాధానం చెప్పే బాధ్యత ఎవరిదో కూడా తెలియదు.

షావెల్ బకెట్లోనే సెన్సర్లు పెట్టి, ఎత్తిన రాయిని ఎత్తినట్టే కొలిచే ఏర్పాట్లు రాగి గనుల్లో వచ్చాయి. చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరికరం) ఇనుము, రాగి, జింకు గనుల్లో లాబ్ కోసం ఎదురుచూపును నిమిషాలకు కుదించింది. టన్నుకు గ్రాము బంగారాన్ని మాత్రం అది చూడలేదు, చూసినట్టు నటించే అంకెలను నమ్మకూడదు. ఏ పరికరం వచ్చినా పైన చెప్పిన పేచీ తీరదు. సెన్సర్ 'వేస్ట్' అంటే డంపర్‌ను ఎడమకు తిప్పే అధికారం ఎవరికుందన్నది మళ్ళీ అదే ప్రశ్న.

లోహం ధర పెరిగినప్పుడు గనులు తమ పాత డంపుల మీదే డ్రిల్లు వేస్తాయి. ఒకప్పుడు కటాఫ్ కింద పారేసిన రాయి ఇప్పుడు కటాఫ్ పైకి వస్తుంది కాబట్టి. డంపును వెతకడం కొండను వెతకడం కంటే కష్టం. పొరలూ పట్టీలూ ఏమీ ఉండవు, డంపర్లు వంచిన వరుసే దాని భూగర్భశాస్త్రం. ఏ ట్రిప్పు ఎక్కడ వంచారో రాసిపెట్టినవాళ్ళు అరుదు. ఆ రాత్రి షిఫ్టు తాలూకు ట్రిప్పులు ఏ డంపులో, ఏ మట్టంలో, ఏ అంచున పడ్డాయో నా తప్పు తెలిసిన మర్నాడే డిస్పాచ్ రికార్డు తీసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఉద్యోగం మానేటప్పుడు ఒక కాపీ ఆఫీసులో ఇచ్చాను. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో అక్కడ ఎవరికీ తోచలేదు, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశారు.